ఎన్ని గళ్ళు, ఏ అక్షరాలు: మాటలు వెతికే పనిముట్టు కట్టిన డైరీ

ఇన్ని అక్షరాల మాట కావాలి, అందులో ఫలానా అక్షరాలు ఉండాలి. ఇంగ్లీషు మాటలకు ఈ వెతుకులాట తేలిక. అదే పనిముట్టును తెలుగు గళ్ళ నుడికట్టు కోసం మారిస్తే ఎక్కడెక్కడ విరుగుతుందో, ఏం మారిస్తే నిలబడుతుందో దశలవారీగా కింద ఉంది. పరీక్షకు శ్రీకాకుళం, విజయనగరం వైపు పేర్లు 30 తీసుకున్నాం. ఈ ఊళ్ళలో ఎవరైనా చేతివేళ్ళ మీద లెక్కపెట్టి సరిచూసుకోగలరు కాబట్టి.

కావలసినవి: పైతాన్ 3 ఉన్న ఏదైనా కంప్యూటరు, యూటీఎఫ్-8లో (యూనికోడ్ గుర్తులను బైట్లుగా దాచే పద్ధతి) దాచగల ఎడిటరు, ఒక కాగితం. కింద కనిపించే 3149 లాంటి అంకెలన్నీ ఒక్కో గుర్తుకు యూనికోడ్ ఇచ్చిన సంఖ్యలు. పైతాన్‌లో ఆర్డ్ ఫంక్షన్ ఇచ్చే దశాంశ రూపంలోనే రాశాం.

దశ 0: ముందు ఇంగ్లీషు మీద

వెతికే భాగం ఒకటి, మాటను అక్షరాలుగా విడగొట్టే భాగం ఇంకొకటి. రెండూ ఒకేసారి రాస్తే తప్పు ఎందులో ఉందో దొరకదు. ఇంగ్లీషులో విడగొట్టే పని లేదు కాబట్టి వెతికే భాగాన్ని ముందు అక్కడ తేల్చుకోవాలి.

1. ఉబుంటులో డబ్ల్యూఅమెరికన్ ప్యాకేజీ పెట్టుకుంటే వరుసకో మాట చొప్పున జాబితా వస్తుంది.
2. అందులో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, అపాస్ట్రఫీ ఉన్న మాటలు కూడా ఉంటాయి. చిన్నబడి అక్షరాలు 26 తప్ప ఇంకేమున్నా ఆ వరుస తీసేయాలి. లేకపోతే ఆరు అక్షరాల వెతుకులాటలో అపాస్ట్రఫీ కూడా ఒక అక్షరంగా కూర్చుంటుంది.
3. నిడివి సరిచూసి, అక్షరాలు సరిచూడాలి. ఎల్, ఐ, ఎస్, టీ, ఈ, ఎన్ అనే ఆరూ ఉన్న ఆరక్షరాల మాటలు అడిగితే లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ ఐదూ రావాలి. ఒక్కటి తగ్గినా ముందుకు వెళ్ళకండి.

ఇక్కడే ఒక గుంత ఉంది. అక్షరాలు ఉన్నాయో లేదో చూడ్డానికి చాలామంది సెట్ వాడతారు. సెట్‌లో రెండు 'ఈ'లు వేసినా ఒకటే మిగులుతుంది. రెండు 'ఈ'లు ఉన్న మాట అడిగితే ఒక్క 'ఈ' ఉన్నవి కూడా వచ్చిపడతాయి. సెట్ తీసేసి కౌంటర్ పెట్టాలి. ప్రతి అక్షరమూ అడిగినన్ని సార్లు, లేదా అంతకు మించి, ఉందా అని చూడాలి.

దశ 1: అదే కోడ్, తెలుగు జాబితా

పరీక్ష జాబితా ఇది. పక్కన ఉన్నది చేత్తో లెక్కపెట్టిన గళ్ళ సంఖ్య.

2 గళ్ళు: రాజాం.
3 గళ్ళు: టెక్కలి, పలాస, సోంపేట, పొందూరు, శ్రీకూర్మం, ఎచ్చెర్ల, బొబ్బిలి.
4 గళ్ళు: శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, శాలిహుండం, రణస్థలం, పాతపట్నం, నెల్లిమర్ల, రామతీర్థం, భోగాపురం, గరివిడి, నాగావళి, వంశధార, చంపావతి.
5 గళ్ళు: అరసవల్లి, కళింగపట్నం, చీపురుపల్లి, కొత్తవలస.
6 గళ్ళు: నరసన్నపేట, విజయనగరం, పూసపాటిరేగ.
7 గళ్ళు: ఆమదాలవలస, గజపతినగరం, శృంగవరపుకోట.

మొత్తం: 1 + 7 + 12 + 4 + 3 + 3 = 30.

ఇంగ్లీషుకు పనిచేసిన కోడ్‌ను ఒక్క ముక్క మార్చకుండా దీని మీద నడిపి, నాలుగక్షరాల పేర్లు అడిగితే వచ్చింది ఒకటే: పలాస. అదీ తప్పే, అది మూడు గళ్ళ పేరు. రావలసిన పన్నెండులో ఒక్కటీ రాలేదు.

ఎందుకంటే పైతాన్‌లో లెన్ ఫంక్షన్ లెక్కపెట్టేది మనం పలికే అక్షరాన్ని కాదు, యూనికోడ్ గుర్తులను. శ్రీకాకుళాన్ని విప్పి చూడండి:

శ 3126, పొల్లు గుర్తు 3149, ర 3120, దీర్ఘపు గుడి 3136, క 3093, దీర్ఘం 3134, క 3093, కొమ్ము 3137, ళ 3123, సున్న 3074.

గళ్ళు 4, గుర్తులు 10. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి ఫైలులో 30 బైట్లు. విజయనగరానికి ఇవే లెక్కలు 6, 8, 24. గ్రెప్ (ఫైళ్ళలో మాటలు వెతికే ఆజ్ఞ) వాడేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. లొకేల్ (కంప్యూటరు భాషా అమరిక) యూటీఎఫ్-8 కాకపోతే, ఏ గుర్తుకైనా సరిపోవలసిన చుక్క ఒక్కో బైట్‌నే పట్టుకుంటుంది, అప్పుడు 30 లెక్కకొస్తుంది. ఎక్సెల్‌లో లెన్ వేసినా శ్రీకాకుళానికి 10 అనే అంటుంది.

లెక్క: 30లో సరి 0.

దశ 2: సిద్ధంగా దొరికే పరిష్కారం, సగం దారి

యూనికోడ్ వాళ్ళే గ్రాఫీమ్ క్లస్టర్ అని ఒక పద్ధతి పెట్టారు, గుణింతం గుర్తునూ సున్ననూ హల్లుతో కలిపి ఒకటిగా చూస్తుంది. పైతాన్‌తో వచ్చే రీ (నమూనాలతో వెతికే) మాడ్యూల్‌లో ఇది లేదు. విడిగా దొరికే రెజెక్స్ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్, పెద్దబడి ఎక్స్ అని రాస్తే ఒక్కో క్లస్టర్ వస్తుంది.

చిక్కల్లా వత్తులతోనే. పాత నియమాల ప్రకారం పొల్లు గుర్తు దాటగానే క్లస్టర్ తెగిపోతుంది. శ్రీ అనేది 'శ్', 'రీ' అని రెండు ముక్కలవుతుంది. ఒక మాటలో ఎన్ని పొల్లు గుర్తులుంటే అన్ని గళ్ళు ఎక్కువ. టెక్కలి, బొబ్బిలి నాలుగు గళ్ళవైపోయాయి. శ్రీకూర్మం, ఎచ్చెర్ల ఒక్కోదానిలో రెండేసి పొల్లు గుర్తులు ఉన్నందున ఐదుకెక్కాయి. నాలుగు గళ్ళవి అడిగితే ఎనిమిది వచ్చాయి. వాటిలో రెండు తప్పు, పైగా శ్రీకాకుళంతో సహా ఆరు రానేలేదు.

2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని తెగ్గొట్టకూడదన్న నియమం చేరింది. అంటే మీ లైబ్రరీ ఏ యూనికోడ్ కూర్పును పాటిస్తుందో దాన్నిబట్టి జవాబు మారుతుంది. ఇంట్లో కంప్యూటరులో నాలుగూ, బడి కంప్యూటరులో ఐదూ వచ్చే పనిముట్టు ఎవరికీ అక్కర్లేదు. అందుకే దీన్ని వదిలేసి నియమాలు సొంతంగా రాయడమే మేలు, అదీ పెద్ద పనేం కాదు.

లెక్క: 30లో సరి 15 (వత్తు లేని పేర్లు మాత్రమే).

దశ 3: గడి నియమం

గుర్తులను ఐదు గుంపులు చేయాలి.

1. అచ్చులు: 3077 నుంచి 3092, ఇంకా 3168, 3169.
2. హల్లులు: 3093 నుంచి 3129, ఇంకా 3160 నుంచి 3162.
3. గుణింతం గుర్తులు: 3134 నుంచి 3148, ఇంకా 3157, 3158, 3170, 3171.
4. పొల్లు గుర్తు: 3149 ఒక్కటే.
5. తోకలు: అరసున్న 3073, సున్న 3074, విసర్గ 3075.

మధ్యలో కొన్ని సంఖ్యలు ఖాళీ, వాటికి అక్షరాలు లేవు. వాటివల్ల నష్టం లేదు.

మాటను ఎడమ నుంచి ఒక్కో గుర్తూ చదువుతూ:

1. అచ్చు వస్తే కొత్త గడి.
2. హల్లు వస్తే, దానికి ముందున్న గుర్తు 3149 అయితే అదే గడిలో కలపాలి. కాకపోతే కొత్త గడి.
3. గుణింతం, పొల్లు, తోక వస్తే ఉన్న గడిలోనే కలపాలి.
4. ఇంకేదైనా వస్తే మాటను పక్కన పెట్టి, ఏ గుర్తు వల్ల ఆగిందో లాగ్‌లో రాయాలి. నోరుమూసుకుని దాటేయకూడదు. మలి దశలో పనికొచ్చింది ఈ లాగే.

చివర పొల్లు మిగిలితే ఎలా? 'కాలేజ్' అన్నప్పుడు 'జ్'కు ఈ నియమం ప్రకారం సొంత గడి వస్తుంది. ఛందస్సులో అయితే పొల్లు ముందక్షరంలో కలిసి దాన్ని గురువు చేస్తుంది. నుడికట్టులో మాత్రం 'లేజ్' అంతా ఒకే గడిలో ఇరికిస్తే పూరించేవాళ్ళు తికమకపడతారు. ఇక్కడ సొంత గడే పెట్టాం. మీరు రెండో పద్ధతి ఎంచుకున్నా ఫరవాలేదు, కానీ జాబితా అంతటికీ ఒకటే ఉండాలి.

లెక్క: 30లో సరి 30.

దశ 4: మొండి మాటలు

ఊళ్ళ పేర్లు శుభ్రంగా టైపు చేసినవి. బయట దొరికే పాఠం అలా ఉండదు. అందుకని మరో పది మాటలు కలిపి, ఈసారి సంఖ్య మాత్రమే కాకుండా గళ్ళలో ఏమేం పడ్డాయో కూడా చేత్తో రాసినదానితో పోల్చాం: సాఫ్ట్‌వేర్, బస్‌స్టాండ్, ఎస్.కోట, రైలు (ఐత్వం రెండు ముక్కలుగా టైపు చేసినది), శ్రీకాకుళ౦ (సున్న బదులు అంకె), వాఁడు, దుఃఖం, రైల్వే స్టేషన్, స్త్రీ, ఋషి.

మామూలుగా అందరూ చేసే శుభ్రత ఏమిటంటే చుక్కలు, ఖాళీలు, కంటికి కనబడని గుర్తులు అన్నీ ముందే ఊడ్చేయడం. అలా చేసి నడిపితే పదిలో ఆరు పోయాయి.

లెక్క: 40లో సరి 34.

సాఫ్ట్‌వేర్: ట్ తరువాత 8204 అనే కనబడని గుర్తు ఉంటుంది. పొల్లును పక్క హల్లుకు వత్తు కాకుండా ఆపేది అదే. దాన్ని ఊడ్చేస్తే మాట 'సా, ఫ్ట్వే, ర్' అయి మూడు గళ్ళకు దిగింది. కావలసినవి 'సా, ఫ్ట్, వే, ర్' నాలుగు. బస్‌స్టాండ్‌దీ ఇదే జబ్బు, 'స్స్టాం' అనే గడి పుట్టుకొచ్చింది.

ఎస్.కోట: శృంగవరపుకోటను అందరూ పిలిచే పేరు. చుక్క తీసేయగానే 'ఎస్కోట' అయింది, నాలుగు గళ్ళ పేరు మూడు గళ్ళకు కుదించుకుపోయింది. పొల్లు తరువాత ఉన్న చుక్కనో ఖాళీనో ఊరికే తీసేయకూడదు, దాని చోట 8204 పెట్టాలి. 'రైల్వే స్టేషన్'కు ఈ బాధ లేదు, ఖాళీకి ముందు 'వే'లో అచ్చు ఉంది కాబట్టి.

రైలు: ఐత్వాన్ని 3144 అని ఒకే గుర్తుగా రాయొచ్చు, 3142 పక్కన 3158 పెట్టి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. గళ్ళ సంఖ్య రెండింటికీ 2 అనే వస్తుంది, కానీ 'రై' గడి కోసం వెతికితే రెండో రకం దొరకదు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్‌ను ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో నడిపితే రెండూ 3144 అవుతాయి.

శ్రీకాకుళ౦: చివర ఉన్నది సున్న కాదు, తెలుగు అంకె సున్న, 3174. టైపు చేసేవాళ్ళ చేతుల్లోంచీ, బొమ్మల నుంచి అక్షరాలు తీసే ఓసీఆర్ లోంచీ ఇది తరచూ వస్తుంది. ఒట్టి కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం, దశ 3లో నాలుగో నియమం రాసిన లాగ్ మాత్రం వెంటనే పట్టుకుంది. ముందున్నది హల్లో, అచ్చో, గుణింతం గుర్తో అయితేనే 3174ను 3074 చేయాలి. ముందు అంకె ఉంటే ముట్టుకోకూడదు, ౧౦౦ పాడవుతుంది.

వాఁడు: పాత నిఘంటువుల్లో అరసున్న ఉంటుంది, ఇప్పటి నుడికట్టుల్లో ఎవరూ వేయరు. 3073 తీసేశాం.

సరిచేసిన క్రమం, ఇదే వరుసలో:

1. ఎన్ఎఫ్‌సీ.
2. అక్షరం వెనకున్న 3174ను 3074 చేయడం.
3. 3073, కనబడని మరో గుర్తు 8205, ఫైలు మొదట్లో దూరే 65279 తీసేయడం.
4. చుక్క, ఖాళీ, అడ్డగీత: ముందు 3149 ఉంటే 8204గా మార్చడం, లేకపోతే తీసేయడం.
5. 3149 వెనక కాకుండా ఇంకెక్కడున్నా 8204 తీసేయడం.
6. దశ 3 నియమంతో విడగొట్టడం. ఇందులో 8204ను నాలుగో నియమం ఆపకూడదు, అది ఉన్న గడిలోనే కలుస్తుంది. దానికి ఒకటే పని: దాని తరువాత వచ్చే హల్లుకు ముందు గుర్తు 3149 కాదు కాబట్టి కొత్త గడి దానంతటదే మొదలవుతుంది.
7. విడగొట్టాక గళ్ళలోంచి 8204 తీసేయడం. లేకపోతే 'ఫ్ట్' కోసం వెతికితే దొరకదు.

వరుస మార్చకండి.

లెక్క: 40లో సరి 40.

దశ 5: 'ర ఉండాలి' అంటే ఏ ర?

ఇంగ్లీషులో ఈ ప్రశ్నే రాదు. తెలుగులో మూడు అర్థాలు చెప్పొచ్చు. నాలుగు గళ్ళ పేర్లు పన్నెండింటి మీద మూడూ నడిపితే:

గడి మొత్తం 'ర' అయి ఉండాలి: రణస్థలం, వంశధార. మొత్తం 2.

గడిలో మొదటి హల్లు ర అయితే చాలు, గుణింతం ఏదైనా సరే: పై రెండూ, ఇచ్ఛాపురం, భోగాపురం, గరివిడి, రామతీర్థం, నెల్లిమర్ల. మొత్తం 7. ('ర్ల'లో పైన కూర్చున్నది ర, వత్తు ల.)

ర ఎక్కడున్నా సరే, వత్తుగా ఉన్నా సరే: వీటికి శ్రీకాకుళం కలుస్తుంది. మొత్తం 8.

వీటిలో దేన్ని మూల పద్ధతిగా పెట్టాలన్నది పనిని బట్టి. నుడికట్టు కట్టేవాళ్ళకు మొదటిదే. అడ్డం మాటా నిలువు మాటా కలిసే గడిలో రెండింటికీ అచ్చంగా ఒకే అక్షరం ఉండాలి, 'ర' మీద 'రి' కుదరదు. ఒక్క ర కే వత్తు లేకుండా 14 రూపాలు, సున్నతో కలిపితే 28. ఇంగ్లీషు గడిలో పట్టేవి మొత్తం 26. తెలుగు గడుల్లో నల్లగళ్ళు ఎక్కువ పడేది ఇందుకే, కట్టేవాళ్ళ బద్ధకం వల్ల కాదు. పిల్లలతో మాటల ఆట ఆడించేవాళ్ళకు రెండోది హాయి. మూడోది నిఘంటువు పని చేసేవాళ్ళకు తప్ప పెద్దగా అక్కరకు రాదు.

స్థానం తెలిసిన వెతుకులాటకూ ఇదే తేడా. నాలుగు గళ్ళు, మూడోది 'వ' అంటే మొదటి పద్ధతిలో నాగావళి, చంపావతి. రెండో పద్ధతిలో గరివిడి కూడా.

దశ 0లో పెట్టిన కౌంటర్ ఇక్కడ ఫలితం చూపించింది. రెండు 'ల' గళ్ళున్న పేరు అడిగితే సెట్ పద్ధతి ఆమదాలవలస, కొత్తవలస రెండూ ఇస్తుంది. కౌంటర్ ఆమదాలవలస ఒక్కటే ఇస్తుంది, అదే సరి.

దశ 6: దాచే తీరు

ఇండెక్సు కడదామని తొందరపడకండి. ప్రతిసారీ మళ్ళీ విడగొట్టడం దండగ, వెతకడం కాదు. ఒకసారి విడగొట్టి, ఫలితాన్ని నిలువు గీతలతో ఫైలులో రాసేస్తే చాలు. వరుస మొదట, చివర కూడా గీత ఉండాలి:

|వం|శ|ధా|ర|
|శ్రీ|కా|కు|ళం|
|భో|గా|పు|రం|

ఇలా దాచాక పైతాన్ కూడా అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. |ర| అని వెతికితే గడి మొత్తం ర అయిన మాటలే వస్తాయి. |పు|రం| అని వెతికితే ఇచ్ఛాపురం, భోగాపురం వస్తాయి. వరుసలో గీతలు ఐదుంటే నాలుగు గళ్ళ మాట. కొస గీతలు వేయకపోతే మొదటి గడి, చివరి గడి ఈ వెతుకులాటలో జారిపోతాయి.

ఎక్సెల్‌లో తెరిచి దాచేవాళ్ళు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న ఎంపికే నొక్కాలి. ఒట్టి సీఎస్‌వీ నొక్కితే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, వెనక్కి రాదు.

పాత పత్రికల నుంచో, ప్రెస్సులో కట్టిన పుస్తకాల నుంచో మాటలు తీసుకునేటప్పుడు ఫైలు అను ఫాంట్లలో ఉందేమో చూడండి. అది యూనికోడ్ కాదు, ఫాంటు తీసేస్తే ఇంగ్లీషు పిచ్చిగీతలు కనబడతాయి. ముందు మార్పిడి చేసి, ఆ తరువాత దశ 4 వరుసంతా నడపాలి. మార్చినవాటిలో వత్తుల చోటు ఒకసారి కంటితో చూడక తప్పదు.

దశ 7: పెద్ద జాబితా

తెలుగు విక్షనరీ డంపుల్లో (సమాచారమంతా ఒకేసారి దింపుకునే ఫైళ్ళు) శీర్షికలు మాత్రమే ఉన్న చిన్న ఫైలు దొరుకుతుంది. వాడే ముందు:

1. శీర్షికల్లో ఖాళీ చోట అండర్‌స్కోర్ ఉంటుంది. దశ 4లో నాలుగో అడుగుకు దాన్నీ చేర్చండి.
2. ఇంగ్లీషు మాటల శీర్షికలు చాలా ఉంటాయి. 'ఒక్క తెలుగు గుర్తయినా ఉంటే ఉంచు' అంటే కలగాపులగంవి మిగులుతాయి. 'తెలుగు గుర్తులు, 8204, అండర్‌స్కోర్ తప్ప ఏమున్నా తీసేయి' అనాలి.
3. సామెతలు కూడా శీర్షికలుగా ఉంటాయి. గళ్ళ సంఖ్య మీద 9 అని పైహద్దు పెడితే చాలావరకు పోతాయి.

నిఘంటువు మాటలతో ఇంకో పేచీ 'ము'. బ్రౌన్ నిఘంటువు లాంటి పాతవాటిలో మాటలు 'ము'తో ముగుస్తాయి, ఇప్పుడు మనం సున్నతో రాస్తాం. శ్రీకాకుళం 4, శ్రీకాకుళము 5. చివరి గడి గుణింతం గుర్తు లేని హల్లూ సున్నా అయితేనే రెండో రూపం పుట్టించాలి. మన 30 పేర్లలో సున్నతో ముగిసేవి 12, ఈ నియమానికి లొంగేవి 11. రాజాంలో దీర్ఘం ఉంది కాబట్టి 'రాజాము' పుట్టదు, పుట్టకూడదు కూడా. పాత రూపాలను వేరే ఫైలులో ఉంచండి. కలిపేస్తే నాలుగు గళ్ళ పేర్లలో ఏడు ఐదు గళ్ళ ఫలితాల్లోనూ తేలతాయి, ఆధారం రాసేటప్పుడు ఏ రూపమో గుర్తుండదు.

ఱ (3121) ను ర (3120) గా మార్చేయొచ్చు, గుఱ్ఱం గుర్రం ఒకచోటికి వస్తాయి. ళ, ల మాత్రం కలపొద్దు. మన వైపు మాటలో సీకాకులం అన్నా, రాతలో కళ వేరు, కల వేరు.

నిఘంటువుల్లో దొరకని స్థానిక పేర్లను చేత్తో చేర్చుకోవడమే. సిక్కోలు (3), ఇజీనారం (4) చేరాక ఊళ్ళు, నదుల జాబితా ఇలా ఉంది: 2 గళ్ళవి 1, మూడువి 8, నాలుగువి 13, ఐదువి 4, ఆరువి 3, ఏడువి 3. మొత్తం 32. గెడ్డ, మదుము, బుగత లాంటి మాటలకు విడిగా 'మన వైపు' అని ఒక గుర్తు తగిలించాలి. గుంటూరులో పూరించేవాళ్ళకు గెడ్డ అంటే వాగని ఆధారంలో చెప్పక తప్పదు.

మిగిలిన పని: క్రియలు. నిఘంటువులో 'వచ్చు' లాంటి మూలరూపం ఉంటుంది, 'వచ్చింది' లాంటి రూపాలు చాలావరకు ఉండవు. రూపాలు పుట్టించే నియమాలకు వేరే పరీక్ష జాబితా కావాలి, ఈ 42 మాటలు దానికి సరిపోవు.